పోక, నిలుకడ

నెల్లూరు జిల్లా పడమటి భాగమున, వెలిగొండల పాదములంటి వ్యాపించిన మెట్టసీమలో పుట్టినవానికి, తన జీవితమున ఏదో యొకనాడు, ఊరు విడిచి పోవుటయా, ఊరిలోనే నిలుచుటయా యను ప్రశ్న ఎదురుగాక మానదు. తూర్పున పెన్న ఆయకట్టు క్రింద మాగాణి గలవాని యింట ఈ ప్రశ్న తరమునకొకసారి తలయెత్తిన నెత్తవచ్చును. కాని ఉదయగిరి, వరికుంటపాడు, దుత్తలూరు, సీతారామపురము ప్రాంతములలో, వాన కురిసిన యేడు సజ్జయో జొన్నయో కందియో చేతికి వచ్చి, కురియని యేడు ఎద్దులను సైతము సంతకు తోలవలసివచ్చెడు పల్లెలలో, అది పంచాంగశ్రవణము వలె ఏటేట వినబడునదే. బోరు వేసినను తరచు నీరు పడదు. పడిన నీటిలో పెక్కుచోట్ల ఫ్లోరైడు. అందువలన మావారు తరతరములుగా చెన్నపట్టణమునకు, బెంగుళూరునకు, హైదరాబాదునకు, ఇటీవలి కాలమున కువైటునకు, కట్టడపు పనులకై కొందరు, బండి తోలుటకై కొందరు, చదివిన చదువునకు తగిన కొలువు వెదకుకొనుచు మరికొందరు, సాగిపోవుచునే యున్నారు. పోవుట ఇచట వింత కాదు. నిలుచుటయే వివరణ కోరును. నడివయసు రానున్న మగవాడు పనిదినమున ఉదయగిరి బస్టాండు వద్ద కనబడినచో, “ఏం అబ్బయా, ఇంకా ఈడ్నే ఉండావా?” యని పెద్దలు పలుకరింతురు. ఆ పలకరింపులో ఎత్తిపొడుపు లేదు. తమ బిడ్డయే ఎదుట నిలిచినట్లు పడు దిగులు మాత్రమే కలదు.

ఉదయగిరిలో పుట్టి, ఆత్మకూరులో ఒక కళాశాలయందు తెలుగు బోధించుచు, సెలవు దొరికినంతనే బస్సెక్కి తల్లి కడకు పోవుచు కాలము గడపిన నాకు, హైదరాబాదులోని ఒక ప్రచురణసంస్థ సంపాదకత్వపు పని నిచ్చెదనని వ్రాసిన జాబుతో ఆ ప్రశ్న ఇటీవల ప్రాప్తించినది. జీతము హెచ్చు, పని నా మనస్సునకు నచ్చినది, సమాధానమునకు ఒక మాసము గడువు. ఆ మాసమునందు నా మనస్సు నడచిన తోవను వ్రాసికొనుట నాకు అవసరముగా తోచినది. ఇట్టి జాబులు చేతబట్టుకొని రాత్రులు మేలుకొనియుండువారు మా సీమలో పెక్కుమంది యున్నారని యెరుగుదును గనుక ఇది వారికిని పనికివచ్చునేమోయని ఆశ.

మా కొండకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 3,000 అడుగులకు పైబడిన ఉదయగిరి దుర్గము గజపతుల యేలుబడిలో నున్న కాలమున, అచట బసవభూపాలుడు పాలకుడుగా, గంగయ మంత్రిగా నుండగా, నంది మల్లయ, ఘంట సింగయ యను జంటకవులు, వరుసకు మేనమామ మేనల్లుడు, ప్రబోధచంద్రోదయమును తెనిగించి ఆ మంత్రికి అంకిత మిచ్చిరి. పిమ్మట ఆ యిరువురే వరాహపురాణమును రచించి, విజయనగర రాజ్యాధికారమును చేతబట్టిన తుళువ నరసనాయకునికి, అనగా కృష్ణదేవరాయల తండ్రికి, సమర్పించిరి. గజపతులకును విజయనగరమునకును వైరము రగులుచుండిన దినములవి. ఒక కొలువు నుండి, దానికి ప్రతికూలమైన మరియొక కొలువునకు కవిత్వమును తీసికొనిపోవుట తేలికగా తీసికొన్న నిశ్చయము కాజాలదని నా నమ్మకము. అయినను తెలుగు సాహిత్యము ఆ జంటను ద్రోహులుగా గాక, మన తొలి జంటకవులుగా తలంచుచున్నది. కాలము పోయినవానిని పోయినందుకు గాక, పోయి చేసిన పనిని బట్టియే లెక్కించు నని దీనివలన నాకు ధైర్యము కలిగినది.

కాని నన్ను మరింత దీర్ఘముగా పట్టి నిలిపినది ఆ కవులు తెనిగించిన గ్రంథమునందలి కథ. పదునొకండవ శతాబ్దిలో కృష్ణమిశ్రుడు సంస్కృతమున రచించిన ఆ నాటకమున పాత్రలు మనుష్యులు కారు, మనోవృత్తులు. మనస్సను రాజునకు ప్రవృత్తి, నివృత్తి యని ఇరువురు భార్యలు. ప్రవృత్తి కడుపున మహామోహుడు, నివృత్తి కడుపున వివేకుడు జనించిరి. వారి పక్షముల నడుమ యుద్ధమే కథ. దంభాహంకారములు, కామక్రోధములు ఒకవైపు, శాంతి శ్రద్ధాదులు మరియొకవైపు. పరీక్షకు ఎన్నోమారులు పాఠముగా చెప్పిన కథయే యిది. కాని జాబు చేతిలో నున్న ఈ మాసమున అది క్రొత్తగా వినబడినది. మోహుడును వివేకుడును ఒక తండ్రి బిడ్డలు. కనుక వారి ముఖములయందు పోలిక యుండక తప్పదు. ఏది వివేకము పలికిన మాటయో, ఏది మోహము ఆ స్వరమును అనుకరించి పలికిన మాటయో గుర్తించుట, రెండును మనలోనే పుట్టినవగుటచేత, మిక్కిలి కష్టము. ఊరు విడువుమని చెప్పునది జీతముపై మోహమనియు, ఊరిలో నిలువుమని చెప్పునది కర్తవ్యజ్ఞానమనియు మనము సులువుగా పంచిపెట్టుకొందుము. ఆ పంపకము సరియైనది కాదు. నిలుచుటకు గల మోహము పోవుటకు గల మోహముకంటె ఏమాత్రమును తక్కువ బలము గలది కాదు. అది భక్తి వేషమున, మాతృసేవ వేషమున, జన్మభూమి వేషమున వచ్చును గనుక మరింత జాగరూకతతో పరికింపదగినది.

నిశ్చయించుకొను అవకాశమే లేక పోయినవారిని గూర్చియు ఈ సందర్భమున తలంపక తప్పదు. కృష్ణదేవరాయలు 1513లో ఉదయగిరిని ముట్టడించి, ఏడాదికి పైగా నిరీక్షించి, 1514లో దుర్గమును వశపరచుకొని, అచటి బాలకృష్ణుని విగ్రహమును విజయనగరమునకు తరలించి, 1515లో హంపిలో ఆలయము కట్టించి ప్రతిష్ఠించెను. ఆ విగ్రహము నేడు చెన్నపట్టణపు ప్రభుత్వ ప్రదర్శనశాలలో నున్నది. కొండ మీది దేవుడు మొదట రాజధానికి, పిమ్మట మహానగరమునకు చేరిన ఈ వృత్తాంతమును మా యూరి బాలురకు చెప్పునపుడెల్ల నాకు మనస్సు బరువెక్కును. నెల్లూరు నుండి ఆత్మకూరు మీదుగా బద్వేలు, మైదుకూరు, ప్రొద్దుటూరు, తాడిపత్రి, గుత్తి, బళ్ళారి దాటి హోస్పేటకు, అనగా హంపి వాకిటికి, పోవు నేటి జాతీయ రహదారిని మావారు బొంబాయి రోడ్డందురు; ఆ రోడ్డు ప్రక్కన బస్సు కొరకు నిలుచున్నపుడు, ఆనాడు ఈ దిక్కునకే సాగిపోయిన ఆ విగ్రహము నా తలంపునకు వచ్చును. దేవుని మాట యటుంచి మనుష్యుల మాట చెప్పవలసి వచ్చినచో, ఆత్మకూరునకు పడమట పెన్నపై సోమశిల జలాశయమును నిర్మించినపుడు, 78 టీఎంసీల నీరు నిలుచుటకై, ఎగువన కడప జిల్లాలో ఎన్నియో పల్లెలు మునిగినవి. ఆ జనులను పోవుదురా, నిలుతురా యని అడిగినవారు లేరు. నీరు వచ్చినది, వారు లేచిపోయిరి. వారి మునక వలన దిగువన డెల్టా పచ్చగా నున్నది. ఇది తలంచిన పిమ్మట, ఒక మాసము గడువు నిచ్చి నన్ను అడిగిన ఆ జాబు నాకు భారముగా గాక, భాగ్యముగా తోచినది. అడుగబడుటయే ఒక గౌరవము. దానిని విలాపముతో వ్యర్థము చేయరాదు.

లెక్కల సంగతి శీఘ్రముగా ముగింతును. ఆత్మకూరులో ఇంటి అద్దెకు ఇచ్చునది హైదరాబాదులో ఒక గదికైనను చాలదు. బిడ్డ చదువు, రాకపోకలు, పాలు, కూరగాయలు కలిపి చూచినపుడు హెచ్చిన జీతములో సగమునకు పైగా నగరమే మరల తీసికొనును. మిగులునది కొంత కలదు. ఆ కొంత కొరకే పోవుట యుక్తము కాదు. ఆ కొంతయే మిగులుచున్నదిగదాయని పోకుండుటయు పొసగదు. ధనము ఈ విషయమున సాక్షి మాత్రమే. తీర్పు చెప్పగలది కాదు.

ఇక నిలుచుటను గూర్చి. మా సీమలో నిలిచినవారిలో హెచ్చుమంది నిశ్చయించుకొని నిలిచినవారు కారు, నిరీక్షించుచు నిలిచినవారు. వెలిగొండను తొలిచి శ్రీశైలపు కృష్ణాజలమును ప్రకాశము, నెల్లూరు, కడప జిల్లాల మెట్టభూములకు తెచ్చు పథకమునకు 1996లో శంకుస్థాపన జరిగినది; ఆనాడు, “నీళ్ళొస్తే ఈడ బంగారం పండద్ది” యని చేను అమ్ముకొనక ఆగిన రైతు నేడు వృద్ధుడైనాడు. సొరంగములు తొలుచుటయే దశాబ్దముల పని యైనది. సోమశిల నీటిని ఎత్తిపోసి ఆత్మకూరు, ఉదయగిరి మెట్టలకు పారించు ఎగువ కాలువ కథయు ఇట్టిదే. నీరు రావలె, అది మా హక్కు, దాని కొరకు అడుగుట మానరాదు. అయితే, నీరు వచ్చిన పిమ్మట చూతమని తన జీవితమును వాయిదా వేసికొన్నవాడు నిలిచినవాడు కాడు, ఆగినవాడు. నిలుచుటకును ఆగుటకును గల భేదమును నేను నా మేనమామలయందు, వారి ఈడు రైతులయందు చూచితిని. నిలిచినవాడు బత్తాయి మొక్క నాటును, గొర్రెల మందను పెంచును, కలిగిరి వేలముకేంద్రములో పొగాకు ధర పడిపోయిన యేడు మరొక పంట కొరకు వెదకును. ఆగినవాడు రచ్చబండపై కూర్చుండి, పోయినవారి మేడలను లెక్కించును. మొదటివాని ముఖమున అలసట యున్నను చేదు లేదు. రెండవవాని ముఖమున చేదు తప్ప వేరేమియు లేదు.

ఆగి నిలుచుట వంటిదే తేలి పోవుట. కువైటులో పెక్కేండ్లు బండి తోలి, ఇటీవల తిరిగివచ్చిన మిత్రుడొకడు, నా యీడువాడే యైనను అలవాటు చొప్పున నన్ను అన్నా యని పిలుచువాడు, తన క్రొత్త మేడ అరుగు మీద కూర్చుండి చెప్పిన మాటలు నేను మరువలేను: “రెండేండ్లకని పోయినా అన్నా. అప్పు తీరితే వద్దామనుకున్నా. అప్పు తీరినాక ఇల్లు కట్టి వద్దామనుకున్నా. ఇల్లు లేసినాక బిడ్డ పెండ్లి అనుకున్నా. పొయ్యేటప్పుడు ఎంతకాలానికి పోతుండామో మనసులో గట్టిగా అనుకోవాల. అనుకోకపోతే ఆ దేశమే మనల్ని పెట్టుకుంటది.” అతడు కష్టములను గూర్చి చెప్పలేదు, యజమానిని నిందింపలేదు, తాను గడువు పెట్టుకొనక పోవుటను గూర్చి మాత్రమే చెప్పెను. గడువెరిగి పోయినవారును కలరు: కవి తిక్కన, తన ప్రభువైన నెల్లూరు రాజు మనుమసిద్ధి రాజ్యము చెదరినపుడు, ఓరుగంటికి పోయి కాకతీయ గణపతిదేవుని సాయము అర్థించి నెల్లూరునకు మరలివచ్చెనని ప్రతీతి కలదు. ఆయనకు ఏ పనికై పోవుచున్నాడో, ఏ పని ముగిసిన మరలవలయునో తెలియును. వేరొక తీరును కలదు: నాటి నెల్లూరు మండలమున ఒంగోలు దాపున 1784లో పుట్టిన వెన్నెలకంటి సుబ్బారావు, కుంపిణీ కొలువు వెంబడి ఊరి వెనుక ఊరు మారుచు, చెన్నపట్టణమున సదరు అదాలతులో 1815 నుండి 1829 వరకు ద్విభాషిగా నుండి, తన జీవితవృత్తాంతమును ఆంగ్లమున వ్రాసికొనెను, అది ఆయన మరణించిన పెక్కేండ్లకు, 1873లో, కుమారుని చేత అచ్చయినది. ఊరు మారుటయే ఆయన వృత్తి. దానిని ఆయన ఎరిగియే చేసెను. తిక్కన వలె మరలివచ్చినను, సుబ్బారావు వలె సాగిపోయినను ఎరిగి చేసినపుడు లోపము లేదు. ఎరుగక తేలిపోయినపుడే మేడలకు తాళములు పడును. మా యూళ్ళలో అట్టి తాళము పడిన మేడలు నేడు వీధి వీధికిని కానవచ్చును.

ఉదయగిరిలో దిలావర్ భాయ్ వీధికి పోయినవారికి, కొండమీది నర్ది, బిక్కి కఱ్ఱలతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కి, ఉప్పుకాగితముతో నునుపుచేయు కుటుంబములు కనబడును. ఆ పనిలో స్త్రీలే హెచ్చు. ఆ కొయ్యపనికి భౌగోళిక గుర్తింపును లభించినది. అక్కడ చెక్కిన గరిటె హైదరాబాదులో హస్తకళల దుకాణమునకు చేరును. చెక్కిన చేయి ఉదయగిరిలోనే నిలుచును. నా పనియు అట్లు ప్రయాణము చేయరాదా, నేను ఇచట నుండియే వ్రాతప్రతులను దిద్ది పంపరాదా యని ఆ సంస్థవారిని అడిగితిని. రచయితలతోను, ముద్రాపకులతోను ఎదురెదుట కూర్చుండి చేయవలసిన పని గనుక కుదరదని వారు మర్యాదగా తెలిపిరి. వారి మాట న్యాయమైనదే. అయినను, చేతిపని వలెనే చదువుపనియు ఊరిలో చేసి లోకమునకు పంపు దినములు మా సీమకు రావలెననియు, ఆత్మకూరు ప్రక్కన నారంపేటలో చిన్న పరిశ్రమలకై తెరచిన పార్కు వంటివి నిండుగా పనిచేసి, పోవుట ఒక విధి కాక ఒక ఎన్నిక మాత్రమే కావలెననియు నా ప్రగాఢమైన కోరిక. కొండకఱ్ఱ తరిగిపోకుండ కాచుకొనుచు, ఆ వీధి నిలిచి యుండవలెను. అది నిలిచినచో, నిలుచుట సాధ్యమే యని చెప్పుటకు మాకు ఒక నిదర్శన మైనను మిగులును.

ఇంతవరకు తర్కము. గడువులో సగము గడచిన పిమ్మట ఉదయగిరికి పోయి అమ్మతో మాటలాడితిని. నాన్నగారు గతించిన నాటి నుండి ఆమె ఆ యింటనే, పెరటిలోని కరివేపచెట్టును, ప్రక్కయింటి పిన్నమ్మను తోడుచేసికొని యున్నది. నేను సంగతి నంతయు చెప్పి, చివరకు, “నిన్ను విడిచి పోవడానికి నాకు మనసొప్పడం లేదమ్మా, నీ కోసమే ఉండిపోదామనుకుంటున్నా” నంటిని. ఆమె చాటలోని బియ్యమును ఏరుచు, తలయెత్తకయే, “పొయ్యేదానికైనా, ఉండేదానికైనా నన్ను సాకు చెయ్యబాక అబ్బయా” యనెను. కొంత తడవునకు మరల, “నీకు పోవాలని ఉంటే పో. ఉండాలని ఉంటే ఉండు. నా కోసం ఉండి, రేపు ఆ ఉద్యోగం పోయిందే అని నీ మనసులో అనుకుంటే, ఆ మాట నాకు వినపడద్ది. నువ్వు చెప్పకపోయినా వినపడద్ది” అని చెప్పి, లోనికి పోయి ఎసట్లో బియ్యము పోసెను.

వివేకుని ముఖము ఎట్టిదో నాకు ఆనాడు తెలిసినది. నేను మాతృసేవ యని పేరుపెట్టుకొన్నది మాతృసేవ కాదు. క్రొత్త పనికి పూనుకొనుటయందలి భయము. ఆ భయమునకు అమ్మ పేరు పెట్టితిని. తల్లి పేరు చెప్పి నిలుచువాడును, బిడ్డల భవిష్యత్తు పేరు చెప్పి పోవువాడును, తాము ఎత్తవలసిన బరువును వేరొకరి నెత్తిపై నుంచుచున్నారు. అట్లు ఉంచబడినవారు జీవితాంతము ఆ ఋణమును తీర్చుచుందురు. తల్లికి చేయవలసిన సేవ వేరు: మందులు తెచ్చునదెవరు, రాత్రివేళ ఒంట్లో బాగులేనిచో ఆత్మకూరునకో నెల్లూరునకో కొనిపోవునదెవరు, బ్యాంకు పని చూచునదెవరు అని ఒక్కొక్కటిగా ఏర్పాటు చేయుట. అది నేను ఆత్మకూరులో నున్నను చేయవలసినదే, హైదరాబాదులో నున్నను చేయవలసినదే. పిన్నమ్మ కుమారుడు బండి గలవాడు, వానితో మాటలాడితిని. “నువ్వు నిబ్బరంగా పోయిరా అన్నా, పెద్దమ్మను నేను చూసుకుంటా” నని వాడనెను. ఆ మాటను నేను ఊరక తీసికొనలేదు. వాని చెల్లెలు నగరమున చదువుకొనవచ్చినచో మా యింటనే ఉండవలెనని చెప్పి ఒప్పించితిని. పోవువాని భారము ఉన్నవారిపై పడును. ఆ సంగతి ఎరిగి, తిరిగి ఏమి ఇయ్యగలమో చూచుకొని పోవుట కనీస ధర్మము.

నా భార్య మొదటినుండియు పోవుటకే మొగ్గినది. ఆమె పుట్టినిల్లు వింజమూరు. అచట ఆపబడిన తన చదువును నగరమున కొనసాగించుకొనవలెనని ఆమె కోరిక. అది నా కోరికకంటె తక్కువది కాదు. ఎనిమిదవ తరగతి చదువుచున్న బిడ్డ తన స్నేహితురాండ్రను తలంచుకొని రెండు దినములు అన్నము సరిగా తినలేదు. దానిని బుజ్జగించుటకు ప్రయత్నింపక, దాని దుఃఖము న్యాయమైనదని చెప్పి ఊరకుంటిమి.

గడువు ముగియుటకు ముందే ఒప్పుకొనుచు సమాధానము వ్రాసితిని. అయిదేండ్లకని మేమిరువురము మనస్సున గట్టిగా అనుకొంటిమి. అయిదవ యేట, బిడ్డ చదువును, అమ్మ ఆరోగ్యమును, నా పనిని ఎదుట పెట్టుకొని, ఈ ప్రశ్ననే మరల మొదటినుండి వేసికొందుము. ఆత్మకూరు కళాశాలలో నా తరగతులను మా సీమవాడే యైన ఒక యువకుడు చేపట్టుచున్నాడు. బెంగుళూరు నుండి మరలి రావలెనని కోరి వచ్చినవాడు. విద్యాసంవత్సరము ముగిసినంతనే హైదరాబాదు చేరుదుము. అమ్మ ఉదయగిరిలోనే యుండును. అది ఆమె తీసికొన్న నిశ్చయము.